వికాస దశల పట్టికలోని వయసులను ఎంతవరకు పట్టుకోవాలి?

కొరిటెపాడు టీచర్ (గుంటూరు) అడిగిన ప్రశ్న

అందరికీ నమస్కారం. నేను బీఎడ్ పూర్తి చేసి డీఎస్సీకి చదువుతూ, సాయంత్రాలు మా ఇంటి వరండాలో రెండు నుంచి ఐదో తరగతి వరకు పిల్లలకు ట్యూషన్ చెబుతున్నాను. టెట్‌లో శిశు వికాసానికి 30 మార్కులు ఉంటాయి కనుక బుద్ధి వికాసానికి పియాజే చెప్పిన నాలుగు దశలు, మనో సాంఘిక వికాసానికి ఎరిక్‌సన్ చెప్పిన ఎనిమిది దశలు, నైతిక వికాసానికి కోల్‌బర్గ్ చెప్పిన మూడు స్థాయిలు వయసులతో సహా కంఠతా వచ్చేశాయి. అయితే ఎదురుగా కూర్చున్న పిల్లలను చూస్తున్నకొద్దీ ఆ వయసుల మీద నాకు సందేహాలు పెరుగుతున్నాయి.

పుస్తకం ప్రకారం ఏడేళ్లు నిండిన పిల్లలు మూర్త ప్రచాలక దశలోకి (కళ్లెదుట ఉన్న వస్తువుల గురించి తర్కంతో ఆలోచించే దశలోకి) వస్తారు, పదిలపరచుకొనే భావన వారికి ఏర్పడుతుంది. అంటే వెడల్పాటి గ్లాసులోని నీళ్లను సన్నటి పొడవాటి గ్లాసులో పోసి చూపించినా నీళ్లు అంతే ఉన్నాయని వారు చెప్పగలగాలి. మా ట్యూషన్‌లో మూడో తరగతి చదివే ఒక పాప, చింతపిక్కలను దూరదూరంగా పరిచినా దగ్గరగా పేర్చినా లెక్క మారదని తడుముకోకుండా చెప్పింది. నీళ్ల దగ్గరకు వచ్చేసరికి మాత్రం పొడవాటి గ్లాసులోనే ఎక్కువ ఉన్నాయని గట్టిగా అన్నది. మరో పిల్లవాడు చపాతీ పిండి ముద్దను పొడుగ్గా సాగదీసినప్పుడు పిండి అంతే ఉందని ఒప్పుకున్నాడు కానీ బరువు తగ్గిపోయిందని వాదించాడు. వీళ్లు ఏ దశలో ఉన్నట్టు? పట్టికలో లోపం ఉందా, నేను అడిగిన తీరులో లోపం ఉందా?

రెండో సందేహం మా తమ్ముడి గురించి. వాడికి 17 ఏళ్లు. విజయవాడ శివారులోని ఒక రెసిడెన్షియల్ కాలేజీలో ఇంటర్ రెండో సంవత్సరం ఎంపీసీ చదువుతున్నాడు. ఎరిక్‌సన్ పట్టికలో ఈ వయసుకు ఎదురుగా ‘పాత్ర గుర్తింపు – పాత్ర సందిగ్ధం’ అని ఉంటుంది. తెల్లవారకముందే స్టడీ అవర్‌తో మొదలై రాత్రి స్టడీ అవర్‌తో ముగిసే రోజులో, తానెవరో తేల్చుకునే తీరిక వాడికి ఎక్కడిది? ఆ దశ వాడి కోసం ఆగుతుందా, దాటి వెళ్లిపోతుందా?

మూడోది మా నాన్నగారి గురించి. ఆయన ఆర్టీసీలో కండక్టర్‌గా పనిచేసి రిటైరయ్యారు. ఈ మధ్య తెలిసినవాళ్ల పేర్లు సమయానికి నోటికి రావడం లేదని దిగులు పడుతున్నారు. పియాజే పట్టిక కౌమారంతోనే ఆగిపోతుంది. ఆ తరువాత మనిషి బుద్ధికి ఎదుగుదల లేదా, తరుగుదల ఒక్కటే మిగులుతుందా? తెలిసిన పెద్దలు వివరంగా చెప్పవలసిందిగా కోరుతున్నాను.

పాత సైకాలజీ లెక్చరర్ (బ్రాడీపేట, గుంటూరు)

అమ్మా, మీరు గమనించినదాన్ని పియాజే స్వయంగా గమనించి, దానికి ‘డెకలాజ్’ అని ఫ్రెంచిలో పేరు కూడా పెట్టాడు. మన గైడ్లలో ఆ పేజీ సాధారణంగా ఉండదు. ఒకే రకమైన తర్కం అన్ని విషయాల్లోనూ ఒకేసారి పనిచేయడం మొదలుపెట్టదు. సంఖ్య మారదన్న గ్రహింపు ఇంచుమించు ఆరేళ్లకు, ద్రవం, పిండి లాంటి పదార్థాల విషయంలో ఏడెనిమిదేళ్లకు, బరువు విషయంలో తొమ్మిది పదేళ్లకు, ఘనపరిమాణం విషయంలో పదకొండు పన్నెండేళ్లకు వస్తుందని జెనీవాలో చేసిన పరిశీలనలు చూపించాయి. చింతపిక్కల దగ్గర నెగ్గి నీళ్ల దగ్గర తప్పిన పాప, పిండి దగ్గర నెగ్గి బరువు దగ్గర తప్పిన పిల్లవాడు, ఇద్దరూ ఆ వరుసలోనే నడుస్తున్నారు.

వయసుల సంగతి అర్థం కావాలంటే ఆ వయసులు ఎక్కడి నుంచి వచ్చాయో చూడాలి. 1896లో స్విట్జర్లాండులోని న్యూషాటెల్‌లో పుట్టిన పియాజే మొదట జీవశాస్త్రవేత్త. ఆయన డాక్టరేట్ నత్తలు, గుల్లల వర్గానికి చెందిన ప్రాణుల మీద. తరువాత పారిస్‌లో, తెలివితేటల పరీక్షలు రూపొందించిన బినే స్థాపించిన ప్రయోగశాలలో, బినే సహచరుడు సిమోన్ దగ్గర, పిల్లల తార్కిక పరీక్షలను ప్రామాణీకరించే పని దొరికింది. సరైన జవాబులు లెక్కపెట్టడం ఆయన పని; కానీ ఒకే వయసు పిల్లలు ఒకే రకంగా తప్పు చెప్పడం ఆయనను ఎక్కువగా ఆకర్షించింది. అక్కడి నుంచి జెనీవాకు వెళ్లి, పిల్లలతో మాట్లాడుతూ, తన ముగ్గురు పిల్లలను పసితనం నుంచి నోట్‌బుక్కులో రాసుకుంటూ సిద్ధాంతాన్ని కట్టాడు. దశల వరుస మారదన్నదే ఆయన గట్టిగా పట్టుకున్న మాట. ఏ దశ ఏ ఏట వస్తుందన్నది పరిసరాలనుబట్టి, అనుభవాన్నిబట్టి ముందూ వెనుకా అవుతుందని ఆయనే అంగీకరించాడు. పరీక్షకు పనికొచ్చే విధంగా పట్టిక వేసేటప్పుడు అంకెలు మిగిలాయి, ఈ అంగీకారం జారిపోయింది.

మీరు అడిగిన తీరు గురించి కూడా ఒక మాట చెప్పాలి. సాధారణంగా ఈ ప్రయోగంలో నీళ్లు పోయకముందు “రెండిట్లో సమానంగా ఉన్నాయా?” అని అడుగుతాము, పోసిన తరువాత అదే ప్రశ్నను మళ్లీ అడుగుతాము. మన బడుల్లో టీచరు ఒకే ప్రశ్నను రెండోసారి అడిగిందంటే మొదటి జవాబు తప్పని పిల్లలకు ఇట్టే తెలిసిపోతుంది, వెంటనే మార్చేస్తారు. ఎడింబరోలో మార్గరెట్ డొనాల్డ్‌సన్, జేమ్స్ మెక్‌గారిగల్ 1974లో ఈ అనుమానాన్నే పరీక్షించారు. వరుసలో పేర్చిన బిళ్లలను పెద్దవాళ్లు కావాలని కదిలించకుండా, ఒక అల్లరి ఎలుగుబంటి బొమ్మ వచ్చి చెదరగొట్టినట్టు చేసినప్పుడు, నాలుగు నుంచి ఆరేళ్ల పిల్లల్లో లెక్క మారలేదని చెప్పినవారి సంఖ్య బాగా పెరిగింది. మీరు కూడా “అయ్యో, ఈ గ్లాసు పగిలినట్టుంది, ఇంకోదానిలో పోద్దాం” అంటూ పోసి, చివరలో ఒక్కసారే అడిగి చూడండి.

ఇక అనుభవం సంగతి. మెక్సికోలో కుండలు చేసేవాళ్ల పిల్లలు మట్టి ముద్ద ఆకారం మారినా మట్టి మారదని తమ ఈడు పిల్లలకంటే బాగా చెప్పగలిగారని 1969లో ప్రచురితమైన అధ్యయనం చూపింది. బ్రెజిల్‌లోని రెసీఫె నగరంలో వీధుల్లో సరుకులు అమ్మే పిల్లలు బేరం మధ్యలో అడిగిన లెక్కల్లో 98 శాతం సరిగా చెప్పి, అవే లెక్కలను కాగితం మీద అంకెలుగా ఇస్తే 37 శాతమే సరిగా చేశారు. అది 1985 నాటి మాట. కోల్‌కతా, ఢిల్లీ బజార్లలో పనిచేసే పిల్లలతో చేసిన పెద్ద అధ్యయనం 2025లో వెలువడింది. అందులోనూ బజారు లెక్క బడికి ఎక్కలేదు, బడి లెక్క బజారుకు దిగలేదు. మన రైతుబజారులో తల్లి పక్కన కూర్చుని చిల్లర తిరిగిచ్చే తొమ్మిదేళ్ల పిల్లను పలకా బలపంతో పరీక్షించి ‘వెనుకబడింది’ అని రాసేముందు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

పియాజే అమెరికాలో ఉపన్యాసాలు ఇచ్చినప్పుడల్లా అక్కడివారు “ఈ దశలను త్వరగా దాటించడం ఎలా?” అని అడిగేవారట, ఆయన దానికి ‘అమెరికన్ ప్రశ్న’ అని పేరు పెట్టాడు. ఆయన ఈ రోజుల్లో విజయవాడ బెంజి సర్కిల్‌కు వచ్చి, ఆరో తరగతి నుంచే ఐఐటీ ఫౌండేషన్ అన్న బోర్డులు చూసి ఉంటే ఆ ప్రశ్నకు పేరు మార్చేవాడేమో.

పటమట థెరపిస్ట్ (విజయవాడ)

లెక్చరర్ గారు చెప్పినదంతా సబబుగానే ఉంది. కానీ ఆ మాటను తల్లిదండ్రులు ఎలా వింటారో నాకు తెలుసు కనుక కొంచెం అడ్డు తగులుతున్నాను. నేను ఎదుగుదలలో ఆలస్యం ఉన్న చిన్నపిల్లలతో పనిచేస్తాను. “వయసులు ముందూ వెనుకా అవుతాయి” అన్న మాట మా దగ్గరకు “మగపిల్లాడికి మాటలు ఆలస్యంగానే వస్తాయి, వాళ్ల నాన్నకూ నాలుగేళ్లకే వచ్చాయి” అన్న రూపంలో వస్తుంది. అలా ఎదురుచూసిన కుటుంబాల్లో కొందరి పిల్లలకు అసలు వినికిడే సరిగా లేదని మూడో ఏట, నాలుగో ఏట బయటపడుతుంది. అప్పటికి భాషకు అత్యంత విలువైన కాలం చేజారిపోయి ఉంటుంది.

వయసును రెండు రకాలుగా చెప్పవచ్చు. సగటు వయసు ఒకటి, ఆఖరి హద్దు మరొకటి. ప్రపంచ ఆరోగ్య సంస్థ మన దేశంతో సహా ఐదు దేశాల్లో ఆరోగ్యంగా ఉన్న పిల్లలను పరిశీలించి 2006లో ప్రకటించిన ప్రమాణాల ప్రకారం, ఆసరా లేకుండా కూర్చోవడం 3.8 నుంచి 9.2 నెలల మధ్య, సొంతంగా నడవడం 8.2 నుంచి 17.6 నెలల మధ్య ఎప్పుడైనా రావచ్చు. నడకలో తొమ్మిది నెలలకు పైగా వెసులుబాటు ఉందన్నమాట. కాబట్టి పక్కింటి బాబు పదో నెలలో నడిచాడని ఏడాది నిండిన మన పాప గురించి కుమిలిపోవలసిన పని లేదు. అయితే పద్దెనిమిదో నెల దాటినా నడక రాకపోతే ‘వస్తుందిలే’ అని కూర్చోకూడదు. పిల్లల్లో లోపాలను, ఎదుగుదల ఆలస్యాలను ముందుగా గుర్తించడానికి రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం 2013 నుంచి నడుస్తోంది, దాని కింద జిల్లా స్థాయిలో డీఈఐసీలు (ఇలాంటి సమస్యలను తొందరగా గుర్తించి చికిత్స చేసే కేంద్రాలు) ఉన్నాయి. ప్రత్యేక అవసరాలున్న బడి ఈడు పిల్లలకు భవిత కేంద్రాలు ఉన్నాయి. అంగన్‌వాడీ టీచరును అడిగినా దారి చెబుతారు.

పరిసరాల ప్రభావం ఎంత లోతుగా ఉంటుందో చెప్పే ఒక ఉదాహరణ మా రంగం నుంచే ఇస్తాను. ఎదుటి మనిషి మనసులో తనకు తెలిసినదానికంటే వేరే నమ్మకం ఉండవచ్చునని పిల్లలు సుమారు నాలుగేళ్లకు గ్రహిస్తారు. విమర్, పెర్నర్ 1983లో ఇందుకొక చక్కని పరీక్ష తయారుచేశారు: ఒక పిల్లవాడు చాక్లెట్‌ను ఒక అలమారలో పెట్టి ఆడుకోవడానికి వెళ్తాడు, వాడు లేనప్పుడు తల్లి దాన్ని ఇంకో అలమారలోకి మారుస్తుంది, తిరిగి వచ్చిన పిల్లవాడు ఎక్కడ వెతుకుతాడు? మూడేళ్లవాళ్లు చాక్లెట్ ఇప్పుడున్న చోటే వెతుకుతాడంటారు. నాలుగైదేళ్లవాళ్లలో చాలామంది వాడు పెట్టిన చోటే వెతుకుతాడంటారు. వినికిడి లేని పిల్లల్లో, వినగలిగే తల్లిదండ్రులకు పుట్టినవారు ఈ పరీక్షలో ఏళ్ల తరబడి వెనుకబడతారు. సైగల భాష సొంత భాషగా ఉన్న తల్లిదండ్రులకు పుట్టినవారు మాత్రం మిగతా పిల్లలతో సమానంగానే ఉంటారు. ఇద్దరిలోనూ వినికిడి లోపం ఒకటే. పుట్టినప్పటి నుంచి మనసులోని సంగతులు మాట్లాడుకునే మనిషి ఇంట్లో ఉండటమే తేడా. నాలుగేళ్లు నిండటం వల్ల వచ్చే శక్తి అయితే ఇద్దరికీ ఒకేసారి రావాలి కదా.

ఇంటర్ లెక్చరర్ (విజయవాడ)

తమ్ముడి సంగతి నాకు వదిలేయండి. అలాంటి తమ్ముళ్లు, చెల్లెళ్ల మధ్యే నా రోజంతా గడుస్తుంది.

ఎరిక్‌సన్ ఈ దశకు అంత ప్రాముఖ్యం ఇవ్వడం వెనుక ఆయన సొంత బతుకు ఉంది. 1902లో జర్మనీలో పుట్టిన ఆయనకు కన్నతండ్రి ఎవరో చివరిదాకా తెలియలేదు. పెంపుడు తండ్రి ఇంటిపేరుతో పెరిగాడు. బడి చదువు అయ్యాక కొన్నేళ్లు బొమ్మలు గీసుకుంటూ యూరప్‌లో తిరిగాడు. అమెరికా పౌరసత్వం తీసుకున్నప్పుడు తన ఇంటిపేరును తానే ఎంచుకున్నాడు. యువతకు కొంతకాలం ఏ నిర్ణయమూ మీద పడని విరామం కావాలన్న ఆయన భావన పుస్తకాల్లోంచి ఊడిపడినది కాదు. దాన్ని జేమ్స్ మార్షియా 1966లో పరిశోధనకు వీలుగా మార్చాడు. రెండు విషయాలు చూడమన్నాడు: ఈ కుర్రవాడు రకరకాల దారులను సొంతంగా వెతికి చూశాడా, ఏదో ఒక దారికి కట్టుబడ్డాడా? వెతికి కట్టుబడితే గుర్తింపు సాధించినట్టు. ఇంకా వెతుకుతూ ఉంటే విరామం. వెతకకుండా, కట్టుబడకుండా ఉంటే చెదిరిన స్థితి. వెతకకుండానే కట్టుబడిపోతే, అంటే ఎవరో నిర్ణయించినదాన్ని తనదిగా తీసుకుంటే, ముందే మూసుకుపోయిన గుర్తింపు.

మన రెండు జిల్లాల్లో ఈ నాలుగో రకాన్ని చూడాలంటే పదో తరగతి ఫలితాలు వచ్చిన వారంలో ఏ ఇంటికి వెళ్లినా చాలు. ఎంపీసీ, బైపీసీ అన్నది భోజనాల దగ్గర పెద్దలు తేలుస్తారు, పిల్లవాడు తల ఊపుతాడు. దీన్ని వెంటనే రోగంగా చూడటం కూడా పొరపాటే. మనస్తత్వ శాస్త్రవేత్త టి.ఎస్. సరస్వతి 1999లో అడిగిన ప్రశ్న ఇక్కడ సరిగ్గా సరిపోతుంది: బాల్యానికీ పెద్దరికానికీ మధ్య పెద్ద ఎడం లేని భారతీయ కుటుంబాల్లో, కౌమారం అనే ప్రత్యేక దశ నిజంగా ఉందా, లేక ఇప్పుడిప్పుడే ఏర్పడుతోందా? తండ్రి వ్యవసాయంలోకి, తల్లి కుట్టుపనిలోకి చిన్నతనం నుంచే సహజంగా కలిసిపోయిన పిల్లలకు పాత్ర సందిగ్ధం అంత పెద్ద తుఫానుగా రాకపోవచ్చు. అయితే ఆ తరం పిల్లలు తమకు అప్పగించిన పాత్రను రోజూ కళ్లతో చూశారు. ఈనాడు ఇంజనీరు కావాలని కట్టుబడిన పిల్లవాడు చాలాసార్లు ఇంజనీరు చేసే పనిని ఒక్కరోజు కూడా చూసి ఉండడు. ఎన్నిక తనది కాదు, ఎన్నుకున్నదేమిటో తెలియదు. నా దృష్టిలో అసలు ఇబ్బంది అక్కడే ఉంది.

ఆ దశ ఆగుతుందా అని అడిగారు. ఆగదు, కానీ తిరిగి వస్తుంది. గుర్తింపును వెతకడం ఇరవైల్లో కూడా సాగుతుందని ఆ తరువాతి పరిశోధనలన్నీ చెబుతున్నాయి. 18 నుంచి 25 మధ్య కాలాన్ని ప్రత్యేక దశగా చూడాలని జెఫ్రీ ఆర్నెట్ 2000లో ప్రతిపాదించాడు. మా పూర్వ విద్యార్థుల్లో చాలామందికి ఈ ప్రశ్న బీటెక్ మూడో ఏడులోనో, మొదటి ఉద్యోగంలోనో ఎదురవుతుంది. “సర్, నాకు ఏమి ఇష్టమో నాకే తెలియడం లేదు” అని అప్పుడు ఫోన్ చేస్తారు. ఆలస్యంగా వచ్చినందుకు నష్టం లేకపోలేదు. అప్పటికి ఫీజులు, అప్పులు, పెళ్లి మాటలు కూడా దానితో కలిసి వస్తాయి.

మెదడు గురించి రెండు మాటలు. యుక్తవయసు రాగానే నిద్ర తెచ్చే మెలటోనిన్ రాత్రి ఆలస్యంగా విడుదల కావడం మొదలవుతుంది. అందుకే వాళ్లకు పదకొండు దాకా నిద్ర రాదు, పొద్దున్నే లేవలేరు. 13 నుంచి 18 ఏళ్లవారికి 8 నుంచి 10 గంటల నిద్ర అవసరమని అమెరికా నిద్రావైద్య నిపుణుల సంఘం 2016లో సూచించింది. మన హాస్టళ్ల టైంటేబుల్ వేసేవాళ్లు ఈ ఒక్క వాక్యం చదివినా మేలు. ఇక ‘25 ఏళ్లకు మెదడు పూర్తవుతుంది’ అని వాట్సాప్‌లో తిరిగే మాటను అలాగే మింగకండి. ఆలోచించి ఆగే పనిని నడిపే ముందుభాగం ఇరవైల మధ్య దాకా మారుతూ ఉంటుందన్నంతవరకే నిజం, ఆ పుట్టినరోజున ఏ తలుపూ మూసుకోదు. గార్డ్‌నర్, స్టైన్‌బర్గ్ 2005లో చేసిన ప్రయోగం ఇంకా ఉపయోగకరమైనది: కారు నడిపే కంప్యూటర్ ఆటలో కౌమారులు ఒంటరిగా ఉన్నప్పటికంటే స్నేహితులు పక్కన ఉన్నప్పుడు ఎక్కువ ప్రమాదానికి తెగించారు, పెద్దవాళ్లలో మాత్రం ఆ తేడా కనిపించలేదు. బందరు రోడ్డు మీద ఒకే కుర్రాడు బైకును ఒంటరిగా ఎలా నడుపుతాడో, వెనుక ఇద్దరు స్నేహితులు ఎక్కినప్పుడు ఎలా నడుపుతాడో చూసినవాళ్లకు ఇది కొత్త సంగతి కాదు.

ఔటింగ్‌కు వాడు వచ్చినప్పుడు వీక్లీ టెస్టులో ర్యాంకు ఎంత అని కాకుండా, ఏ టాపిక్ చదువుతుంటే టైం తెలియలేదు అని అడగండి. తెలిసిన ఇంజనీరు ఎవరైనా ఉంటే సెలవుల్లో ఒక పూట ఆయన పనిచేసే చోటికి పంపండి. వాడు మాట్లాడటం తగ్గించినా, తిండీ నిద్రా చెడినా, బతుకు మీద విరక్తి మాటలు వచ్చినా మార్కుల లెక్క పక్కనబెట్టి వెంటనే ఇంటికి తీసుకురండి. 14416 నంబరులో టెలీ మానస్ (ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి) వారు తెలుగులోనే మాట్లాడతారు.

కొరిటెపాడు టీచర్

ముగ్గురికీ కృతజ్ఞతలు. మాస్టారు చెప్పినట్టు ‘పగిలిన గ్లాసు’ నెపంతో నీళ్లు పోసి ఒక్కసారే అడిగాను. మూడో తరగతి పాప కొంచెంసేపు ఆలోచించి, “అవే నీళ్లు కదా టీచర్” అన్నది. బరువు గురించి వాదించిన పిల్లవాడు మాత్రం తన మాట మీదే నిలబడ్డాడు. వాడికి ఇంకా సమయం ఉందని ఇప్పుడు నేనూ నిమ్మళంగానే ఉన్నాను. తమ్ముడికి చేయవలసినది చేస్తాను. నాన్నగారి సంగతి, డీఎస్సీ పరీక్షలో ఏమి రాయాలన్న సంగతి మిగిలిపోయాయి.

అరండల్‌పేట డాక్టర్ (గుంటూరు)

నాన్నగారి విషయంలో ముందుగా తేల్చవలసినది ఒకటుంది. పేరు నాలుక చివర ఆడి, కాసేపటికి గుర్తుకు రావడం వయసుతో వచ్చే మామూలు సంగతి. అడిగిన ప్రశ్ననే గంటలో పలుమార్లు అడగడం, ఏళ్లుగా తిరిగిన వీధిలో దారి తప్పడం, డబ్బు లెక్కల్లో ఎన్నడూ లేని తికమక, మనిషి స్వభావమే మారడం లాంటివి మామూలు కావు. వాటిని ‘వయసు మీద పడింది’ అని సరిపెట్టకుండా డాక్టరుకు చూపించాలి. బీ12 లోపం, థైరాయిడ్, వినికిడి తగ్గడం, దిగులు జబ్బు కూడా మతిమరుపులా కనిపించవచ్చు. వీటికి చికిత్స ఉంది. తన మరుపు గురించి ఆయనే దిగులు పడుతున్నారంటే అది కొంత మంచి సూచనే. అయినా ఒకసారి చూపించండి.

ఇక మీ అసలు ప్రశ్న. పెద్దయ్యాక బుద్ధి తరగడమే మిగులుతుందన్న నమ్మకం చాలావరకు కొలిచిన పద్ధతిలోంచి పుట్టింది. ఒకే రోజున ఇరవై ఏళ్లవారికీ డెబ్బై ఏళ్లవారికీ ఒకే పరీక్ష పెట్టి పోలిస్తే పెద్దవాళ్లు బాగా వెనుకబడినట్టు కనిపిస్తారు. కానీ మన ఇళ్లలోనే చూడండి: ఐదో తరగతితో చదువు ఆపించిన అమ్మమ్మనూ, బీటెక్ చదివిన మనవరాలినీ పక్కపక్కన కూర్చోబెట్టి పరీక్షిస్తే, తేలేది వయసు తేడానా, బడి తేడానా? వార్నర్ షై 1956లో అమెరికాలోని సియాటిల్‌లో మొదలుపెట్టిన అధ్యయనంలో అవే మనుషులను ఏడేళ్లకొకసారి మళ్లీ పరీక్షిస్తూ వచ్చారు. అలా చూస్తే పదసంపద, తర్కం లాంటి చాలా సామర్థ్యాలు నడివయసులో ఉన్నత స్థాయిలో ఉండి, సగటున అరవై దాటేవరకు పెద్దగా తగ్గలేదు. వేగం మాత్రం అంతకంటే చాలా ముందే తగ్గడం మొదలవుతుంది. కాటెల్, హార్న్ 1960లలో చేసిన విభజన దీనికి సరిపోతుంది: కొత్త చిక్కును అప్పటికప్పుడు విప్పే చురుకుదనం ఒక రకం, బతుకంతా పోగుపడిన జ్ఞానం మరో రకం, మొదటిది ముందే తగ్గుతుంది, రెండోది చాలాకాలం నిలుస్తుంది. మన మిర్చి యార్డులో రెండు కాయలు చేతిలోకి తీసుకుని రకం, తేమ చెప్పే పెద్దమనిషి రెండో రకానికి చెందినవాడు. మీ నాన్నగారిని ఏ స్టేజీకి ఎంత టికెట్టు ఉండేదో అడిగి చూడండి.

పాల్ బాల్టెస్ అనే జర్మన్ మనస్తత్వ శాస్త్రవేత్త, వృద్ధాప్యంలో బాగా నెగ్గుకొచ్చేవారు మూడు పనులు చేస్తారన్నాడు: కొన్నింటిని ఎంచుకుని మిగతావి వదిలేస్తారు, ఎంచుకున్నవాటిని ఎక్కువగా సాధన చేస్తారు, లోటును మరో ఉపాయంతో పూడుస్తారు. ఆయన ఇచ్చిన ఉదాహరణ పియానో విద్వాంసుడు ఆర్థర్ రూబిన్‌స్టైన్. పెద్దవయసులో ఆయన తక్కువ రచనలు వాయించేవాడు, వాటినే ఎక్కువ సాధన చేసేవాడు, వేగంగా వాయించవలసిన భాగానికి ముందు కావాలని నెమ్మదించేవాడు. దానితో తరువాతి భాగం వేగంగానే వినిపించేది. పేర్లు మరిచిపోతున్న మనిషి జేబులో చిన్న డైరీ పెట్టుకోవడం కూడా ఇదే ఉపాయం.

పెద్దలు స్నేహాలు తగ్గించుకుంటున్నారని పిల్లలు కంగారుపడుతుంటారు. లారా కార్‌స్టెన్‌సెన్ పరిశోధన ఇక్కడ ఉపయోగపడుతుంది. ముందు కాలం తక్కువగా ఉందని తోచినవారు కొత్త పరిచయాలు వదిలి, మనసుకు దగ్గరివాళ్లతో గడపడానికి ఇష్టపడతారు. ప్రాణాంతకమైన జబ్బు ఉన్న యువకుల్లో కూడా ఆమె ఇదే ధోరణి చూసింది. దీనికి కారణం గడిచిన ఏళ్లకంటే మిగిలిన కాలం మీద మనిషికి ఉన్న అంచనాయే.

పాత సైకాలజీ లెక్చరర్

డాక్టరు గారు చెప్పినదానికి నా వైపు నుంచి ఒక ముడి విప్పవలసి ఉంది. పియాజే, ఎరిక్‌సన్ ఇద్దరి పట్టికలూ ఒకే అధ్యాయంలో పక్కపక్కన ఉండటం వల్ల ‘దశ’ అంటే ఇద్దరికీ ఒకటే అనుకుంటాము. పియాజే దశలు మెట్ల వంటివి: కింది మెట్టు ఎక్కకుండా పై మెట్టు అందదు, ఎక్కాక దిగడం ఉండదు, తొందర కూడా లేదు. ఎరిక్‌సన్ దశలు అలాంటివి కావు. శరీరం ఎదుగుతుంది, సమాజం పెళ్లి, ఉద్యోగం, పదవీ విరమణ అంటూ పిలుస్తుంది. ఒక్కో దశలో తేల్చుకోవలసిన సంక్షోభం ఒకటి ఉంటుంది; వెనుకటిది తేలినా తేలకపోయినా ముందుది వచ్చి కూర్చుంటుంది, తేలనిది తరువాతి దశలో మళ్లీ తల ఎత్తుతుంది. తమ్ముడి గురించి మీరు అడిగిన ప్రశ్నకు జవాబు ఈ తేడాలోనే ఉంది.

ఇద్దరి పట్టికలకూ చివర ఒక చేర్పు ఉంది, గైడ్లలో అరుదుగా కనిపిస్తుంది. అమూర్త ప్రచాలక దశకు (కంటికి కనిపించని విషయాల మీద కూడా తర్కంతో ఆలోచించే చివరి దశకు) అందరూ 11 నుంచి 15 ఏళ్ల మధ్యనే, అన్ని విషయాల్లోనూ చేరతారని చెప్పలేమని, అది 15 నుంచి 20 మధ్య, మనిషి ఎంచుకున్న చదువునూ వృత్తినీబట్టి ఆయా రంగాల్లో కనిపించవచ్చునని పియాజేయే 1972లో రాశాడు. ఎరిక్‌సన్ చనిపోయిన తరువాత ఆయన భార్య జోన్, తాను తొంభైలలో ఉండగా, 1997లో తొమ్మిదో దశను చేర్చింది. ఆ వయసులో వెనుకటి సంక్షోభాలన్నీ తిరిగి వస్తాయని, ఈసారి ప్రతికూలమైన వైపే ముందుంటుందని ఆమె రాసింది. పసిబిడ్డకు తల్లి మీద నమ్మకం కలగడం మొదటి సమస్య అయితే, తొంభై ఏళ్ల మనిషికి తన కాళ్ల మీద, తన కళ్ల మీద అపనమ్మకం మొదటి సమస్య. అమ్మమ్మలు నాయనమ్మలు బాత్‌రూములో పట్టుకోవడానికి కడ్డీ పెట్టించుకోవడానికి ఎందుకు మొరాయిస్తారో నాకు ఇది చదివాకే అర్థమైంది: పెట్టించుకుంటే ఆ అపనమ్మకాన్ని ఒప్పుకున్నట్టే.

పరీక్ష సంగతి. డీఎస్సీలో ‘మూర్త ప్రచాలక దశ వయసు’ అని అడిగితే 7 నుంచి 11 సంవత్సరాలు అన్న జవాబునే గుర్తించండి. అక్కడ డొనాల్డ్‌సన్‌ను తలచుకుంటే అర మార్కు పోతుంది. ఒక పిల్లవాడి ప్రవర్తనను వర్ణించి ఆలోచనలో ఏ పరిమితి కనిపిస్తోందో చెప్పమని అడిగినప్పుడు మాత్రం వయసును పక్కనబెట్టి వర్ణనను చదవండి. పొడవాటి గ్లాసులో ఎక్కువ నీళ్లున్నాయన్న పిల్లవాడు ఎత్తు ఒక్కదాన్నే చూస్తున్నాడని కనిపిస్తే ఏకమితి. నీళ్లను తిరిగి పాత గ్లాసులో పోస్తే మొదటిలాగే అవుతాయని ఊహించలేకపోతున్నాడని కనిపిస్తే అవిపర్యయాత్మక భావన. ఈ రెండింటినీ కలిపేసి మార్కు పోగొట్టుకునేవాళ్లే ఎక్కువ. మీరు వరండాలో ఆ గ్లాసులతో కూర్చున్నారు కనుక మీకు ఆ చిక్కు రాదు.